ఇంజను టైమింగు

ఇంజను టైమింగు అనగా అంతర్దహన యంత్రంలో పిస్టన్ల కదలికకు, వాల్వులు తెరుచుకొని మూసుకొనే వేళకు, స్పార్కు పడే క్షణానికి మధ్య ఉండవలసిన పొందిక. ఈ పొందికను కాపాడే పళ్ళ బెల్టును గాని, గొలుసును గాని మార్చినపుడు అమరికలో పొరపాటు జరిగితే ఇంజను స్టార్టు కాదు. కొన్ని ఇంజన్లలో వాల్వులు కూడా వంగిపోతాయి. అందువలన ఇటువంటి మరమ్మతు తరువాత స్టార్టు కాని ఇంజనును మళ్ళీ మళ్ళీ స్టార్టరుతో తిప్పరాదు. ముందుగా చేతితో తిప్పి అమరికను సరిచూడాలి.

పనిచేయు విధానము

నాలుగు స్ట్రోకుల ఇంజనును జర్మనీకి చెందిన నికొలాస్ ఆటో 1876లో రూపొందించాడు. ఇందులో గాలిని, ఇంధనాన్ని పీల్చుకోవడం, వాటిని నొక్కడం, మండించడం, పొగను బయటకు నెట్టడం అనే నాలుగు పనులు జరుగుతాయి. ఈ నాలుగూ ముగిసేసరికి క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు, అనగా 720 డిగ్రీలు తిరుగుతుంది. ఆ వ్యవధిలో ఒక్కొక్క వాల్వు ఒక్కసారి మాత్రమే తెరుచుకోవాలి కనుక క్యామ్ షాఫ్టు ఒక్క చుట్టు తిరుగుతుంది. ఇందుకోసం సాధారణంగా క్యామ్ షాఫ్టు పళ్ళచక్రానికి క్రాంక్ పళ్ళచక్రం కంటే రెట్టింపు పళ్ళు ఉంటాయి.

ఒక్క పన్ను తేడా చిన్నదిగా కనిపించినా దాని ప్రభావం పెద్దది. ఉదాహరణకు క్రాంక్ చక్రానికి 20 పళ్ళు, క్యామ్ చక్రానికి 40 పళ్ళు ఉన్న ఇంజనులో బెల్టు ఒక పన్ను జరిగితే వాల్వుల వేళ క్రాంక్ లెక్కలో 18 డిగ్రీలు మారుతుంది. అప్పుడు ఇంజను స్టార్టయినా బలహీనంగా నడుస్తుంది. రెండు మూడు పళ్ళు జరిగితే చాలాసార్లు స్టార్టే కాదు.

బెల్టు, గొలుసు

హిందుస్తాన్ అంబాసిడర్ వంటి పాత కార్లలో క్యామ్ షాఫ్టు ఇంజను దిమ్మెలోనే ఉండి, పొట్టి గొలుసుతో తిరిగేది. క్యామ్ షాఫ్టు సిలిండరు హెడ్డు మీదకు చేరిన తరువాత పొడవైన గొలుసులు, రబ్బరు పళ్ళ బెల్టులు వాడుకలోకి వచ్చాయి. పెద్ద ఎత్తున తయారైన కార్లలో రబ్బరు టైమింగ్ బెల్టును మొదట వాడినది 1960ల ఆరంభంలో వచ్చిన జర్మనీ కారు గ్లాస్ 1004. భారతదేశంలో 1983 నుండి 2014 వరకు తయారైన మారుతి 800లోని మూడు సిలిండర్ల 796 సి.సి. ఇంజనులో కూడా ఈ బెల్టే ఉండేది. బెల్టు నిశ్శబ్దంగా పనిచేస్తుంది, కాని దానిని తయారీదారు చెప్పిన గడువుకు మార్చవలసి ఉంటుంది.

వాల్వులు వంగే ఇంజన్లు

కొన్ని ఇంజన్లలో పూర్తిగా తెరుచుకున్న వాల్వు, పైకి వచ్చిన పిస్టను ఒకే చోటును వేరువేరు సమయాలలో ఆక్రమిస్తాయి. వీటిని ఇంటర్‌ఫియరెన్స్ ఇంజన్లు అంటారు. టైమింగు తప్పితే ఇవి ఒకదానికొకటి తగులుతాయి. డీజిలు ఇంజన్లు దాదాపు అన్నీ ఈ రకానివే. మిగిలిన రకంలో టైమింగు తప్పినా వాల్వు, పిస్టను తగలవు కనుక సరిగా అమర్చితే ఇంజను మళ్ళీ నడుస్తుంది.

స్టార్టు కాకపోవడానికి కారణాలు

* గుర్తులు సరిపోయినా, బెల్టు బిగించే టెన్షనరును వదిలినపుడు వాల్వు స్ప్రింగుల బలానికి క్యామ్ షాఫ్టు జరగడం.
* ఒక గుర్తుకు బదులు మరొక గుర్తును వాడడం. పలు ఇంజన్లలో బయటి పుల్లీ మీద ఉండే ఇగ్నిషను గుర్తు వేరు, లోపలి పళ్ళచక్రం మీది గుర్తు వేరు.
* డిస్ట్రిబ్యూటరును తిరగేసి బిగించడం. ఒకటవ పిస్టను 720 డిగ్రీలలో రెండుసార్లు పై కొసకు వస్తుంది. అందులో ఒకటి మాత్రమే కంప్రెషన్ ముగింపు.
* ప్లగ్గు వైర్లు తారుమారు కావడం. నాలుగు సిలిండర్ల ఇంజన్లలో సాధారణ క్రమం 1-3-4-2, మారుతి 800లో 1-3-2.
* విప్పిన సెన్సారు ప్లగ్గును, భూమి తీగను తిరిగి తగిలించకపోవడం, క్రాంక్ చక్రపు కీ విరగడం.

నిర్ధారణ క్రమము

మొదటి ఆధారం శబ్దము. స్టార్టరు మామూలు కంటే వేగంగా, ఎక్కడా ఆగకుండా ఒకే శ్రుతిలో తిరిగితే కంప్రెషన్ లేదని అర్థం. లయ మామూలుగా ఉండి ఇంజను అందుకోకపోతే స్పార్కును, ఇంధనాన్ని అనుమానించాలి. గాలి లోనికి వచ్చే గొట్టం వైపు పేలుడు వినిపిస్తే వాల్వు తెరిచి ఉండగా స్పార్కు పడుతున్నట్లు భావించవచ్చు.

తరువాత బ్యాటరీ తీగను తీసి, ప్లగ్గులు విప్పి, క్రాంక్ బోల్టుకు పానా వేసి ఇంజనును దాని సహజ దిశలో రెండు పూర్తి చుట్లు నెమ్మదిగా తిప్పాలి. ప్లగ్గులు లేనందున గాలి అడ్డు ఉండదు. అయినా గట్టిగా ఆగితే లోహం లోహానికి తగులుతూ ఉండవచ్చు, బలవంతం చేయరాదు. రెండు చుట్ల తరువాత గుర్తులన్నీ మళ్ళీ ఎదురెదురుగా రావాలి. ఒకటవ ప్లగ్గు రంధ్రం మీద వేలు ఉంచి తిప్పితే గాలి వేలిని నెట్టే వేళ కంప్రెషన్ స్ట్రోకును తెలుపుతుంది. ఆ స్ట్రోకు చివర డిస్ట్రిబ్యూటరు రోటరు ఒకటవ వైరు వైపు చూడాలి.

గుర్తులు సరిపోతే కంప్రెషన్ కొలవాలి. ఇంధనం, స్పార్కు అందకుండా చేసి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి, నిండుగా ఛార్జి ఉన్న బ్యాటరీతో చూడాలి. పెట్రోలు ఇంజనులో ఇది సాధారణంగా 10 నుండి 14 బార్లు. అన్ని సిలిండర్లలోనూ సమానంగా తక్కువైతే టైమింగు తప్పినట్లు, ఒకటి రెండింటిలో మాత్రమే లేకపోతే వాల్వులు వంగినట్లు అనుమానించాలి. వాల్వులు మూసి ఉన్న స్థితిలో సిలిండరుకు గాలి ఎక్కించినపుడు సైలెన్సరులో శబ్దం వస్తే పొగ వాల్వు, గాలి గొట్టంలో వస్తే గాలి వాల్వు కారుతున్నట్లు.

కంప్రెషన్ బాగుంటే స్పార్కు, ఇంధనం, సెన్సార్లను చూడాలి. కంప్యూటరు ఉన్న కార్లలో పి0335 క్రాంక్ సెన్సారు వలయాన్ని, పి0340 క్యామ్ సెన్సారు వలయాన్ని సూచిస్తాయి. పి0016 ఈ రెండు షాఫ్టుల మధ్య పొందిక లేదని తెలుపుతుంది. మరమ్మతు తరువాత ఇది కనిపిస్తే సెన్సారును మార్చే ముందు బెల్టు అమరికను మరల చూడటం మేలు.

జాగ్రత్తలు

పాత బెల్టును తీసేముందే చక్రాలకు, దిమ్మెకు రంగుతో గుర్తులు పెట్టుకోవాలి. గొలుసు లేదా బెల్టు బిగువు సరిచూసి, రెండు చుట్లు చేతితో తిప్పిన తరువాతనే పైమూత బిగించాలి. కొన్ని నిమిషాల ఈ పని సిలిండరు హెడ్డు విప్పే ఖర్చును తప్పిస్తుంది.

ఇవి కూడా చూడండి

* అంతర్దహన యంత్రం
* క్రాంక్ షాఫ్టు
* స్పార్క్ ప్లగ్గు
* మారుతి 800