రికార్డుకెక్కని కేకలు

స్టువర్ట్ గూస్మన్ 2005లో వెలువరించిన ‘గ్రూప్ హార్మనీ’ గ్రంథం బాల్టిమోర్, వాషింగ్టన్ నగరాల నల్లజాతి యువకుల కథ. వీధి మలుపుల్లో గొంతులు కలిపి పాడుకున్న ఆ కుర్రవాళ్ళు రిథమ్ అండ్ బ్లూస్ గానబృందాలుగా ఎదిగిన క్రమాన్ని, నాటి గాయకులను స్వయంగా కలిసి వారి మాటల ఆధారంగా ఆయన రాశారు. చదవడం ముగిసిన తరువాత నన్ను ఒక ప్రశ్న వదలలేదు. జనం ఎదుట నిలబడి పాడినప్పుడు వీరి పాట ఎలా ఉండేది? మనకు చేరినవి చాలావరకు స్టూడియోలో ముద్రించిన 78 ఆర్‌పీఎం రికార్డులు. పక్కకు మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలను నమ్ముకునే చరిత్రకారులు ఈ బృందాలకు మార్కులు వేశారు.

మనవారికీ ఈ చిక్కు కొత్తది కాదు. వేదిక మీద ‘వన్స్‌మోర్’ల నడుమ విస్తరించిన నాటక పద్యం, గ్రామఫోను దగ్గరకు వచ్చేసరికి రాగాన్ని కుదించుకోవలసి వచ్చేది.

బాల్టిమోర్ బృందమైన ఓరియోల్స్‌నే చూడండి. డెబొరా చెస్లర్ అనే శ్వేతజాతి యువతి వారికి పాట రాసి, వ్యవహర్తగా నిలిచి, 1948లో ఆర్థర్ గాడ్‌ఫ్రీ రేడియో పోటీకి తీసుకువెళ్ళింది. అక్కడ వారు పియానో విద్వాంసుడు జార్జ్ షీరింగ్ చేతిలో ఓడిపోయారు. అయినా ఆమె రాసిన ‘ఇట్స్ టూ సూన్ టు నో’ ఆ ఏడాదే నల్లజాతి శ్రోతల రికార్డుల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. ఆ రికార్డు ఇప్పుడు వింటే ఎంత నెమ్మది! గిటారు వెనుక ఎక్కడో గొణుగుతుంది. సనీ టిల్ గొంతు చెవిలో రహస్యం చెబుతున్నట్టుంటుంది. అదే సనీ టిల్ వేదికనెక్కి మైకు మీదికి వాలి భుజాలు కదిపితే, హాలులోని యువతులు కేకలు పెట్టేవారని చూసినవారందరూ చెప్పారు. రికార్డు మాత్రమే విన్నవాడికి ఓరియోల్స్ మర్యాదస్తుల సంగీతం. ఆ కేకలతో కలిపి విన్నవాడికి అది వేరే సంగీతం.

ఆ కేకలు ఎందుకు మిగలలేదు? మొదటి కారణం యంత్రం. టేపు రికార్డరు అమెరికాలో వృత్తిపరమైన వాడుకలోకి రావడం మొదలైనదే 1948 ప్రాంతంలో. అంతకు ముందు, లక్క పూసిన అల్యూమినియం పళ్ళెం మీద సూదితో అప్పటికప్పుడు గీసే బరువైన యంత్రాలు రేడియో కేంద్రాల్లో ఉండేవి. యుద్ధకాలంలో అల్యూమినియం కరువై గాజు పళ్ళేలు వాడారు. చేయి జారితే పాట పోయినట్టే. రెండవ కారణం వ్యాపారం. ఈ బృందాల పాటలు అచ్చువేసిన చిన్న కంపెనీలు జూక్‌బాక్సులకు, వీధి దుకాణాలకు సింగిల్స్ అమ్ముకుని బతికేవి. కచేరీని రికార్డు చేస్తే కొనేదెవరు?

ఇందులో ఒక వింత ఉంది. ఆనాటి ప్రత్యక్ష గానాన్ని ఎక్కువగా పదిలపరచినది, నల్లవారిని వేరు దళాల్లో ఉంచిన అమెరికా సైన్యమే. 1942లో సైనిక రేడియో విభాగం నల్లజాతి సైనికుల కోసం ‘జూబిలీ’ అనే కార్యక్రమం ఆరంభించింది. ప్రేక్షకుల ఎదుట పాడించి, 16 అంగుళాల పళ్ళేల మీద ముద్రించి, సముద్రాల అవతలి స్థావరాలకు పంపేవారు. డెల్టా రిథమ్ బాయ్స్ వంటి బృందాలు అందులో వినిపిస్తాయి. వాడిన తరువాత పళ్ళేలను ధ్వంసం చేయాలన్నది నియమం. ఈనాడు మనం వింటున్నవాటిలో ఎన్నో, ఆ ఆజ్ఞను ఎవరో పాటించకపోవడం వల్ల బతికినవి!

‘లైవ్’ అన్న పేరును తేలికగా నమ్మకూడదు కూడా. 1955 నాటి ‘రాక్ ఎన్ రోల్ రెవ్యూ’ చిత్రంలో క్లోవర్స్ బృందం హార్లెమ్‌లోని అపోలో థియేటరులో పాడుతున్నట్టు చూపుతారు. పాటలు తీసినది స్టూడియోలో. చప్పట్లు కొట్టే ప్రేక్షకులను తరువాత అతికించారు.

నిజమైన తేడా తెలియాలంటే కాస్త పక్కకు, ఈ బృందాలకు పుట్టిల్లయిన గాస్పెల్ వైపు వెళ్ళాలి. 1955 జులై 22న లాస్ ఏంజెలెస్ ష్రైన్ ఆడిటోరియంలో స్పెషాల్టీ కంపెనీ రికార్డు చేసిన కచేరీ 1993లో సీడీగా వచ్చింది. అందులో సోల్ స్టిరర్స్ తరఫున పాడిన సామ్ కుక్ వయసు 24. స్టూడియోలో సుమారు మూడు నిమిషాల్లో ముగించిన ‘నియరర్ టు దీ’ ఇక్కడ ఎనిమిది నిమిషాలు దాటుతుంది. పాట అయిపోతున్నదనుకున్న చోట అతడు వెనక్కి మళ్ళుతాడు. మాటను పట్టుకుని మళ్ళీ మళ్ళీ తిప్పుతాడు. సభలో ఒక కేక లేస్తే దాన్ని అందుకుని ఇంకొంచెం పైకి పోతాడు. వెనుక గొంతులు నేలలా నిలకడగా ఉంటాయి. ఆసుపత్రి నుంచి ఇంటికి వస్తూ కారులో మొదటిసారి విన్నప్పుడు, ఇల్లు చేరాక కూడా ఇంజను ఆపి లోపలే కూర్చున్నాను. స్టూడియో రికార్డు ఆ పాటకు సంగ్రహం మాత్రమేనని అప్పుడు బోధపడింది. డామినోస్‌లో పాడిన క్లైడ్ మెక్‌ఫాటర్ కూడా గాస్పెల్ బృందం నుంచి వచ్చినవాడే. అతడి గొంతులోని ఏడుపు ఎక్కడిదో ఇది విన్నాక ఊహించవచ్చు.

చివరకు వ్యాపారుల లెక్కను తప్పని తేల్చినది 1962 అక్టోబరు 24న అపోలోలో రికార్డయిన కచేరీ. ఇదివరకే సింగిల్స్‌గా అమ్ముడైన పాటలను మళ్ళీ ఎవరు కొంటారని కింగ్ కంపెనీ అధిపతి సిడ్ నేథన్ నిరాకరించగా, జేమ్స్ బ్రౌన్ తన సొంత డబ్బు 5,700 డాలర్లు పెట్టాడు. ఆల్బం 66 వారాలు బిల్‌బోర్డు పట్టికలో నిలిచింది. ‘లాస్ట్ సమ్‌వన్’ పది నిమిషాలకు పైగా సాగుతుంది. ప్రేక్షకుల కేకలు అందులో పాటకు మరో గొంతు. డగ్లస్ వోక్ ఈ ఆల్బం మీదే ఒక చిన్న పుస్తకం రాశాడు. క్యూబా క్షిపణుల సంక్షోభంతో దేశం వణుకుతున్న రాత్రి అది అని గుర్తుచేస్తాడు. చదవదగిన పుస్తకం.

అయితే అది ఒక్కడి కచేరీ కాదు. బాబీ బర్డ్, బాబీ బెనెట్, లాయిడ్ స్టాల్వర్త్ అనే ముగ్గురు ఫేమస్ ఫ్లేమ్స్ బృందంగా అతడి వెనుక పాడారు. బ్రౌన్ 1986లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. ఫ్లేమ్స్‌కు ఆ గౌరవం 2012లో దక్కింది. దాన్ని అందుకోవడానికి అప్పటికి జీవించి ఉన్నవాడు బెనెట్ ఒక్కడే. మరుసటి జనవరిలో ఆయనా కన్నుమూశాడు.