ఆజ్ఞలకు మారుపేర్లు



సరిహద్దు జిల్లాల్లో ఉండే మనకు రెండు పేర్ల వ్యవహారం కొత్త కాదు. ఇంట్లో పిలిచే పేరు ఒకటి, బడి రిజిస్టరులో రాసిన పేరు ఇంకొకటి. కంప్యూటరుకు ఇచ్చే ఆజ్ఞలకూ ఇలాంటి మారుపేర్లు ఉన్నాయి. వాటిని ఏలియాస్ అంటారు. పోలీసు వార్తల్లో మనం వినే అలియాస్ అన్న మాటే ఇది. ఒకరి సౌకర్యంగా మొదలైన ఈ పద్ధతి అందరి ఏర్పాటుగా ఎలా మారిందో ఈ రోజు చెప్పుకుందాం.

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ వ్యవస్థకు పునాది వేశారు. అప్పట్లో ఆజ్ఞలను టెలిటైపు యంత్రం మీద కొట్టేవారు. మోడల్ 33 టెలిటైపు సెకనుకు 10 అక్షరాలకు మించి ముద్రించలేదు. చాలా ఆజ్ఞల పేర్లు రెండేసి అక్షరాల్లో ఉండడానికి అదొక కారణం. ఫైళ్ల జాబితాకు ఎల్ఎస్, ఫైలు తీసివేయడానికి ఆర్ఎమ్. మనం కొట్టిన ఆజ్ఞను అందుకుని పని చేయించే ప్రోగ్రాము పేరు షెల్.

1979లో యూనిక్స్ ఏడవ కూర్పుతో వచ్చిన స్టీఫెన్ బోర్న్ షెల్‌లో మారుపేర్లకు చోటు లేదు. ఆ రోజుల్లోనే బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో బిల్ జాయ్ రాసిన సీ షెల్ ఆ సదుపాయం కల్పించింది. ఎవరికి నచ్చిన పొట్టి పేరు వారు తమ సొంత ఫైలులో రాసుకునేవారు. 1983లో డేవిడ్ కోర్న్ ప్రకటించిన కోర్న్ షెల్, 1989లో బ్రయన్ ఫాక్స్ విడుదల చేసిన బాష్ ఆ దారినే నడిచాయి.

అయితే ఒక చిక్కుంది. మారుపేరు ఆ ఒక్క షెల్‌లోనే బతుకుతుంది. షెల్ మూస్తే పోతుంది. దాని నుంచి మొదలైన మరో షెల్‌కు వారసత్వంగానూ రాదు. ఒకే యంత్రం మీద యాభై మంది విద్యార్థులు పనిచేసేచోట ప్రతివారి ఫైలులోనూ రాయడం ఎవరి తరం? అందుకు ఈటీసీ అనే డైరెక్టరీ ఉపయోగపడుతుంది. అందరికీ వర్తించే ఏర్పాట్లు అక్కడ రాస్తారు. అయితే అందులోని ప్రొఫైల్ ఫైలును బాష్ లాగిన్ సమయంలోనే చదువుతుంది. ఆ తరువాత తెరిచిన షెల్‌కు అక్కడి మారుపేర్లు అందవు. అందుకే డెబియన్ లినక్స్‌లో వాటిని బాష్ డాట్ బాష్‌ఆర్‌సీ అనే ఫైలులో రాస్తారు. రెడ్ హ్యాట్‌లో ప్రొఫైల్ డాట్ డీ అనే డైరెక్టరీలో, డాట్ ఎస్‌హెచ్ అని ముగిసే చిన్న ఫైలుగా పెడతారు. దేనికైనా రూట్ అధికారం కావాలి. రాయడం తేలికే. ముందు ఏలియాస్ అన్న మాట, తరువాత మారుపేరు, సమానం గుర్తు, కొటేషన్ గుర్తుల మధ్య అసలు ఆజ్ఞ. సమానం గుర్తుకు అటూ ఇటూ ఖాళీ వదలకూడదు.

ఇక అసలు జాగ్రత్త. ఆర్ఎమ్ అన్న పేరుకే “అడిగి తీసివేయి” అన్న అర్థం తగిలించే అలవాటు ఉంది. రెడ్ హ్యాట్ లినక్స్ ఏళ్ల తరబడి రూట్ ఖాతాకు అలాగే అమర్చి ఇచ్చింది. మంచిదే కదా అనిపిస్తుంది. కాని మనిషి ఆ ప్రశ్నకు అలవాటు పడతాడు. ఆ మారుపేరు లేని వేరే యంత్రం మీద అదే ఆజ్ఞ ఇస్తే, అడక్కుండానే ఫైలు పోతుంది. బాష్ స్క్రిప్టులు కూడా మామూలుగా మారుపేర్లను లెక్కచేయవు. కనుక ఉన్న ఆజ్ఞకు అర్థం మార్చకుండా, కొత్త పేరు ఒకటి పెట్టడం క్షేమం. అది పనిచేయని చోట యంత్రం “ఆ ఆజ్ఞ లేదు” అంటుంది తప్ప నష్టం చేయదు.

నలుగురి కోసం పెట్టే పేరు నలుగురికీ చెప్పి పెట్టాలి. సెలవు.