ముల్లు లేని చోట అరుగు టైరు

కృష్ణా తుంగభద్రల నడుమ నల్లరేగడి నేలపై వెలసిన దేవదుర్గమునకు నేటికిని రైలు లేదు. బొంబాయి వైపునుండి వచ్చిన ఇనుపబాటయు, మద్రాసు వైపునుండి వచ్చిన ఇనుపబాటయు 1871లో రాయచూరున కలిసికొన్నది మొదలు, ఈ సీమకు వలసిన దూరదేశపు వస్తువెల్ల ఆ స్టేషనులో దిగి, అచ్చటినుండి సుమారు 50 కిలోమీటర్లు నేలబాటను రావలసినదే. సైకిలును అట్లే వచ్చినది. బేడరు నాయకుల స్థానముగా పేరుగాంచి, 1853లో రాయచూరు అంతర్వేదితోపాటు కుంఫిణీవారి వశమై, 1860లో మరల నిజాము ఏలుబడిలోనికి వచ్చి, 1956 నవంబరు 1వ తేదీన మైసూరు రాష్ట్రమున చేరిన ఈ తాలూకాలో, ప్రభుత్వములు మారినంత సులువుగా బాటలు మారలేదని చెప్పవలసియున్నది.

ఇట్టి బాటలపై సైకిలు టైరు నిండు వయస్సున అరిగి రాలుట అరుదు. బళ్ళారి జాలి యని ఇచ్చటివారు పిలుచు సర్కారుతుమ్మ ముల్లు టైరును దాటి ట్యూబును తాకును. కంకరరాయి ప్రక్కగోడను కోయును. వేసవియెండలో నెలల తరబడి నిలిచిన రబ్బరు నెఱ్ఱెలు వాఱును. వానకాలమున రేగడి బంక మడ్‌గార్డులో దూరి చక్రమును కదలనీయక, వాహనమును భుజమున మోయవలసిన గతి పట్టించును. కాని ఆ బంక టైరును అరగదీయదు. మొత్తముమీద ఈ ప్రాంతపు టైరునకు చావు వెలుపలినుండి వచ్చెడిది. అట్లయిన ముల్లును, రాయియు, ఎండయు లేని నాలుగు గోడల నడుమ, నేలను ముట్టకయే తిరుగు చక్రమునకు చిరాయువు లభింపవలదా? ఇంటిలో ట్రైనరుపై, అనగా సైకిలును కదలకుండ నిలిపి వెనుక చక్రమును మాత్రము తిరుగనిచ్చు చట్రముపై, త్రొక్కువారి అనుభవము దీనికి విరుద్ధముగా నున్నది. కొన్ని వారములలోనే వెనుక టైరు నడుమ నొక చదునుపట్టె ఏర్పడి, క్రింది గచ్చుపై నల్లని పొడి రాలుచుండును.

ఈ వింతకు మూలము మన పాత సైకిళ్ళలోనే కలదు. పల్లెబాటలకు విద్యుద్దీపములు రాని కాలమున రాత్రివేళ వెలుగునిచ్చినది, వెనుక చక్రమునకో ముందు చక్రమునకో ఒరసికొని తిరుగు డైనమో. 6 వోల్టుల, 3 వాట్ల ఆ చిన్న యంత్రపు తల బొటనవ్రేలంత లావు కూడ లేకపోయినను, టైరు ప్రక్కగోడపై దాని ఒరపిడి ఎంతటిదనగా, దానికొఱకే కొందఱు తయారీదారులు ప్రక్కగోడపై గీతలుగల గట్టి పట్టెనొకదానిని పోతపోయవలసివచ్చినది. స్టాండు వేసి పెడలు త్రిప్పి దీపము వెలుగుట చూచి సంబరపడిన పిల్లలు ఊరూర నుండెడివారు. కదలని సైకిలుపై చక్రముచేత మఱియొక ఉరుళ్ళను (రోలరును) త్రిప్పించు ట్రైనరు నడకకు ఆ ఆట బాల్యావస్థ యనిన తప్పు లేదు.

ట్రైనరులో ఉరుళ్ళ డైనమో తలకన్న పెద్దదే గాని, బాటతో పోల్చిన మిక్కిలి చిన్నది. చదునైన బాటపై గాలి నిండిన టైరు కొంత అణగి, సమతలముగా ఆనుకొని, మరల గుండ్రన యగును; కొన్ని అంగుళముల వ్యాసముగల లోహపు ఉరుళ్ళపై నదే టైరు లోనికి సొట్టపడినట్లు వంగి, ఆ వంపునుండి తటాలున విడివడవలసియుండును. వంచి విడిచిన ప్రతిసారియు రబ్బరు తాను గ్రహించిన శక్తిలో కొంత తిరిగి యీయక ఉష్ణముగా మార్చుకొనును. బాటపై పోవునపుడు ఎదురుగాలి ఆ వేడిని కొంత హరించును. గదిలో ఆ గాలి లేదు, పైగా అయస్కాంతముతోనో, నూనెతోనో ఉరుళ్ళను నిరోధించు భాగము తానును కాగుచుండును. దీనికి తోడు ఉరుళ్ళను టైరునకు అదిమి పట్టు బిగింపుమర వదులైనచో, త్రొక్కువాడు ఒక్క ఊపున బలము చూపినపుడు చక్రము జాఱి, లోహము రబ్బరును ఆకురాయివలె గీఱును. మలుపులు లేవు గనుక సైకిలు ఒఱగదు. ఒఱగనందున భారమంతయు నడిమి పట్టెమీదనే పడును. ముందు చక్రము మాత్రము ఒక దిమ్మెపై కూర్చుండి ఈ కష్టమేమియు నెఱుగదు.

రబ్బరు ఇంతటి రాపిడికి ఓర్చుకొనుటయే ఒక చరిత్ర. గంధకముతో దానిని పదునుపెట్టు పద్ధతికి గుడియరు 1844లో పేటెంటు పొందెను; గాలి చక్రమును థామ్సన్ 1845లోనే కనిపెట్టినను లోకము దానిని మఱచిపోగా, బెల్ఫాస్టులో పశువైద్యుడైన డన్లప్ 1888లో మరల నిలబెట్టెను. ఆ నాటి టైర్లు నల్లనివి కావు. మిషెలిన్ కంపెనీవారి, 1898లో పుట్టిన టైరు మనిషి బొమ్మ తెల్లగా నుండుటకు కారణమదియే. మసిని కలిపినచో రబ్బరు ఒరపిడికి ఎక్కువ కాలము నిలుచునని లండనులోని సిల్వర్‌టౌన్ కర్మాగారమున 1904 ప్రాంతమున తెలియవచ్చిన పిదపనే నలుపు వ్యాపించినది. నేడు ట్రైనరు క్రింద రాలు పొడి నల్లనైనది కూడ ఆ మసివలననే.

ఇంటిలోపలి సవారి మాత్రము ఇటీవలి మోజు కాదు. పందొమ్మిదవ శతాబ్దపు చివర పాశ్చాత్యదేశములలో చలికాలపు అభ్యాసమునకు ఉరుళ్ళయంత్రములు వాడుకలోనికి వచ్చినవి. నాటకశాలల వేదికలపై ఉరుళ్ళ పందెములు జరిగి, ఎవరెంత దూరము పోయినదియు పెద్ద ముల్లుగడియారము చూపుచుండెను. 1899 జూన్ 30న రైలుపెట్టె వెనుక మైలుదూరమును నిమిషములోపల త్రొక్కి వాసికెక్కిన మర్ఫీ అట్టి ఉరుళ్ళపై తర్ఫీదు పొందినవాడే. ఆ పాతపద్ధతిలో వెనుక రెండు, ముందొకటిగా మూడు ఉరుళ్ళుండి, సైకిలును దేనికిని బిగింపక త్రొక్కువాడే తూగుచుండును. వెనుకచక్రపు భారము రెండింటిమీద పంచుకొనబడుటవలన, బిగింపుమర నొక్కిడి లేకపోవుటవలన, టైరు అంత వేగముగ అరగదు. పడిపోవు భయమును తొలగింపగోరి మరతో బిగించిన తరువాతనే మనవారికి ఈ పొడి దర్శనమిచ్చినదని నా అభిప్రాయము.

2020 మార్చి 25న దేశమంతటను లాక్‌డౌన్ వచ్చినపుడు హైదరాబాదు అపార్టుమెంటులలో చిక్కుకొన్న సైక్లిస్టులకు ట్రైనరే శరణ్యమైనది. అప్పటికే టైరు తయారీదారులు గట్టి రబ్బరుతో ట్రైనరు టైర్లను వేఱుగా అమ్ముచుండిరి; అవి బాటపై పనికిరావు, తడిలో జాఱును. వాహూ కంపెనీ 2012లో తెచ్చిన కికర్ వంటి యంత్రములు వెనుక చక్రమునే ఊడదీయించి, గొలుసును తిన్నగా తమ పళ్ళచక్రమునకు తగిలించుకొని, టైరు ప్రసక్తినే తొలగించినవి. వాని వెల సామాన్యునకు అందునది కాదు.

కావున దేవదుర్గమువంటి ఊర ట్రైనరు కొనువారికి పాత టైరే దిక్కు. దానికి గాలి నిండుగ కొట్టి, ఉరుళ్ళను, టైరును గుడ్డతో తుడిచి, చేతితో ఉరుళ్ళను త్రిప్పిన చక్రము జాఱక కదలునంత మాత్రమే మర బిగించి, దిగిన వెంటనే వదులు చేయవలెను. బిగించినట్లే విడిచిపెట్టినచో ఆ చోట సొట్టపడును. ముల్లు దిగిన చోట లోపల పాత టైరుముక్క వేసి నెట్టుకొచ్చిన టైరు మాత్రము దీనికి తగదు: బాటపై తెలియని ఆ ఉబ్బు, ఉరుళ్ళపై చుట్టు చుట్టునకును దడదడమని కొట్టి, క్రింది వాటావారిని నిద్రలేపును.