సముద్రముమీది బేరము



దూరదేశపు వర్తకునితో నేరుగ బేరమాడునపుడు మనము మొదట లాభమునే లెక్కింతుము. దారిలో సరకు నశించినచో నష్టమెవరిదని యడుగువారు తక్కువ. ఈ ప్రశ్నకు మన పూర్వరాజు లిరువురు చెప్పిన సమాధానములను మీకు మనవిచేసెదను.

మొదటిది తీరాంధ్రమునందలి మోటుపల్లి రేవులో. తుపానునకు చిక్కి యొడ్డున పడిన యోడలలోని సరకునంతయు మునుపటి రాజులు బలిమిచే గైకొనెడివారు. అట్టి రేవునకు తెగించి వచ్చు వర్తకుడెవడు? కాకతి గణపతిదేవుడు 1244–45లో అభయశాసనము వేయించెను. ప్రాణమునకు తెగించి సముద్రము దాటివచ్చిన వారివద్ద ముప్పదింట నొకపాలు సుంకము మాత్రమే గొని, తక్కినదంతయు విడిచిపెట్టెను.

రెండవది విజయనగరమున. 1485లో సింహాసనమెక్కిన సాళువ నరసింహరాయలకు యుద్ధాశ్వములు కావలసివచ్చెను. అవి హోర్ముజు, ఏడెను రేవులనుండి ఓడలలో రావలెను. త్రోవలో కొన్ని చచ్చెడివి. బ్రదికినను చచ్చినను వేయి వరహాలకు మూడు చొప్పున రాయలు కొనెననియు, సముద్రమున చచ్చినదాని తోక తెచ్చి చూపినను వెల యిచ్చెననియు పోర్చుగీసు వర్తకుడు న్యూనిజు వ్రాసినాడు.

ఇది దుబారాయని నేననను. గుఱ్ఱము లేనిచో నాడు రాజ్యమే నిలువదు. నష్టము తాను భరించుటచేతనే రాయలు వర్తకులను రప్పించుకొనగలిగెను. కాని తోకకు వెల యిచ్చుట బొక్కసము గలవానికే చెల్లును.

నేడు మన పిల్లలు ఇంట కూర్చుండియే విదేశపు సరకు తెప్పించుచున్నారు. వెలతోపాటు సుంకమును లెక్కింపుడని, దారిలో చెడినచో భారమెవరిదో ముందే తేల్చుకొనుడని పెద్దలమైన మనము వారికి చెప్పవలెను.