డిస్క్ తిరిగేదాకా ఆగాల్సిందే

డేటాబేస్ నెమ్మదించిందంటే చాలామంది ముందు ప్రాసెసర్‌నే అనుమానిస్తారు. చరిత్ర తిరగేస్తే ఎక్కువ కాలం తప్పు డిస్క్‌దే.

1956లో ఐబీఎం శాన్‌హోసేలో తయారుచేసిన రామాక్ డిస్క్‌లో రెండడుగుల వెడల్పు పళ్లేలు 50 ఉండేవి. నిమిషానికి 1,200 చుట్లు. అడిగిన రికార్డు అందడానికి సగటున 0.6 సెకను పట్టేది. పంచ్‌కార్డుల కట్టలు తిప్పుకునే రోజుల్లో అది అద్భుతమే. ఆ తర్వాత ట్రాన్సిస్టర్ చిన్నదయ్యే కొద్దీ ప్రాసెసర్ వేగం పెరుగుతూ పోయింది. డిస్క్‌కు ఆ వెసులుబాటు లేదు, లోహపు చేయి జరగాలి, పళ్లెం తిరగాలి. 2000లో సీగేట్ తెచ్చిన చీటా ఎక్స్15 నిమిషానికి 15,000 చుట్లు తిరిగేది. చుట్టుకు 4 మిల్లీసెకన్లు, కావలసిన చోటు హెడ్ కిందికి రావడానికి సగటున అందులో సగం. హెడ్ జరగడానికి ఇంకో 4. మొత్తం 6. అంటే 44 ఏళ్లకు వంద రెట్ల మెరుగుదల, అంతే! 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌లో ఆ 6 మిల్లీసెకన్లకు 1.8 కోట్ల సైకిళ్లు గడిచిపోతాయి. డేటా డిస్క్ మీదే ఉన్నప్పుడు కొత్త ప్రాసెసర్ కొంటే అది ఇంకాస్త వేగంగా ఖాళీగా కూర్చుంటుంది.

డేటాబేస్ నిర్మాణమంతా ఈ ఆలస్యం చుట్టూ లేచిందే. 1970 ప్రాంతంలో బోయింగ్ పరిశోధనశాలలో రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ రూపొందించిన బీ-ట్రీ ప్రధానంగా డిస్క్ దగ్గరికి వెళ్లే సార్లు తగ్గించడానికే. డిస్క్ నుంచి ఒకేసారి చదివే ముక్కను పేజీ అంటారు; పేజీకి వందల కీలు పడితే కోట్ల రికార్డుల్లోనూ మూడు నాలుగు పేజీలు చదివితే చాలు. మార్పులను ముందు లాగ్‌లో వరసగా రాసుకోవడం, చదివిన పేజీలను బఫర్‌లో దాచుకోవడం కూడా ఆ కోవలోవే. 1979లో ఐబీఎం డేటాబేస్ సిస్టమ్ ఆర్‌లో ప్యాట్రీషియా సెలింజర్ బృందం క్వెరీ ఖర్చును పేజీలు చదివే సార్లు, ప్రాసెసర్ పని కలిపి లెక్కగట్టింది. రెంటికీ మధ్య తూకంగా ఒక సంఖ్యను పెట్టింది. ఈ కథంతా ఆ ఒక్క సూత్రంలోనే ఉందంటాను.

2008లో ఇంటెల్ ఎక్స్25 ఎస్‌ఎస్‌డీలు వచ్చాయి. కదిలే భాగాలు లేవు, చదవడానికి మిల్లీసెకనులో పదో వంతు కూడా పట్టదు. అదే ఏడాది డేటాబేస్ పరిశోధకుడు స్టోన్‌బ్రేకర్, సహచరులు డేటా మొత్తాన్ని మెమరీలోనే పెట్టి కొలిచి చూశారు. ప్రాసెసర్ శ్రమలో సింహభాగం లాకులు, లాగ్, బఫర్ నిర్వహణకే పోతోంది. డిస్క్ కాలంలో అక్కరకొచ్చిన ఏర్పాట్లే ఇప్పుడు బరువయ్యాయన్నమాట.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో సిస్టమ్ ఆర్ తరహా తూకాలు ఇప్పటికీ కనిపిస్తాయి. వరసగా చదివే పేజీకి ఖర్చు 1, ఎక్కడో ఉన్న పేజీకి 4 అని డీఫాల్ట్. ఎస్‌ఎస్‌డీ ఉన్నవాళ్లు ఆ 4ను 1.1కు దించుతుంటారు. దించకపోతే, క్వెరీని ఏ దారిలో నడపాలో తేల్చే ప్లానర్ ఒక్కోసారి చక్కటి ఇండెక్స్‌ను పక్కనపెట్టి, టేబుల్ మొత్తం చదువుకుంటూ పోతుంది.