ఐసులో ఉన్న చేప: ఎన్ని రోజులది, ఇంకెన్ని రోజులు ఉంటుంది?

2018 జులైలో అస్సాం ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్ సహా ఇతర రాష్ట్రాల నుంచి వచ్చే చేపలను 10 రోజుల పాటు నిషేధించింది. పరీక్షించిన నమూనాల్లో ఫార్మాలిన్ కనబడిందన్నది కారణం. అంతకు కొద్ది వారాల ముందే కేరళలో 'ఆపరేషన్ సాగర్ రాణి' పేరుతో జరిగిన తనిఖీల్లో ఫార్మాలిన్ కలిపిన సరుకు పట్టుబడింది. గోవాలో కూడా అదే గొడవ. ఆ రోజుల్లో అందరూ అడిగింది ఒక్కటే ప్రశ్న: మందు కలిపారా, లేదా? ఈ చేప చచ్చి ఎన్ని రోజులైంది, ఆ రోజులన్నీ అది ఎంత చల్లగా ఉంది అని అడిగినవారు తక్కువ. చేప మంచిదో కాదో చాలావరకు తేల్చేవి మాత్రం ఈ రెండు ప్రశ్నలే.

కొల్లేరు చుట్టుపక్కల, ఆకివీడు, కైకలూరు, భీమవరం వైపు చెరువుల్లో పట్టిన శీలావతి, బొచ్చె చేపలు ఐసు పెట్టెల్లో లారీలెక్కి హౌరా, సిలిగురి, గువాహటి చేరతాయి. బెంగాల్‌లో వీటిని 'చాలానీ మాఛ్' అంటారు, అస్సాంలో 'సాలానీ మాస్'. బయటి నుంచి పంపించిన చేప అని అర్థం. ఆ మాటలో కొంత చిన్నచూపు ఉంది. తొట్టిలో ఈదుతున్న చేపను కళ్ల ముందే కోయించుకునే అలవాటున్న చోట అది సహజమే. అయితే వెయ్యి కిలోమీటర్లు దాటి వచ్చినంత మాత్రాన చేప పాతబడిపోదు. ఎందుకో తెలియాలంటే చచ్చిన చేపలో ఏం జరుగుతుందో చూడాలి.

రెండు గడియారాలు

చేప చచ్చాక దానిలో రెండు పనులు జరుగుతాయి. ఒకటి లోపలిది. కండరంలో శక్తిని మోసే ఏటీపీ అనే పదార్థం కొత్తగా తయారు కావడం ఆగిపోతుంది, ఉన్నది మెట్లు మెట్లుగా విరుగుతుంది. ఏటీపీ అయిపోయినప్పుడు చేప కర్రలా బిగుసుకుంటుంది. కొన్ని గంటల తర్వాత, ఐసులో అయితే ఒక్కోసారి రోజు దాటాక, మళ్లీ మెత్తబడుతుంది. మెత్తబడిందంటే పాడయిందని కాదు. దారిలో ఏర్పడే ఇనోసిన్ మోనోఫాస్ఫేట్ చేపకు ఆ కమ్మదనాన్ని ఇస్తుంది. అది కూడా విరిగి చివరికి హైపోక్సాంథిన్ అవుతుంది, దానికి కొంచెం చేదు. జపాన్ శాస్త్రవేత్తలు 1959లో ఈ విరుగుడునే కొలమానంగా మార్చి 'కె విలువ' అన్నారు. చివరి రెండు మెట్ల పదార్థాలు మొత్తంలో ఎంత శాతం ఉన్నాయన్నదే ఆ లెక్క. పచ్చిగా తినే సాషిమీకి ఇది 20 శాతం లోపు ఉండాలంటారు. ఈ దశలో చేప చెడిపోదు, రుచి మాత్రం తగ్గుతుంది. 'తినొచ్చు గానీ పస లేదు' అనిపించే చేప ఈ దశ దాటినదే.

రెండో పని బ్యాక్టీరియాది. బతికున్న చేప కండలో బ్యాక్టీరియా ఉండదు. చర్మం మీది జిగురులో, మొప్పల్లో, పేగుల్లో ఉంటుంది. చచ్చాక అక్కడి నుంచి లోపలికి చొరబడుతుంది. సముద్రపు చేపల్లో ట్రైమిథైల్ అమైన్ ఆక్సైడ్ అనే పదార్థం ఉంటుంది. షెవనెల్లా వంటి బ్యాక్టీరియా దాన్ని ట్రైమిథైల్ అమైన్‌గా మారుస్తుంది. మనం నీచు వాసన అనేదానిలో పెద్ద వాటా దీనిదే. చెరువు చేపల్లో ఆ పదార్థం దాదాపు ఉండదు కాబట్టి చెడిపోయే తీరూ వేరు. ఐసులో వాటిని ఎక్కువగా పాడు చేసేది సూడోమోనాస్. వాసన ముగ్గిన పండులా మొదలై గంధకపు కంపు వైపు పోతుంది. సముద్రపు చేప వాసనకు అలవాటుపడిన ముక్కుతో శీలావతిని పరీక్షిస్తే పొరపడే అవకాశం ఉంది.

మన చేపలకు ఇక్కడ ఒక అనుకూలత ఉంది. ఉత్తర సముద్రంలో నీరే చల్లగా ఉంటుంది కనుక అక్కడి చేప మీది బ్యాక్టీరియాకు చలి కొత్త కాదు, ఐసులో వేసినా దాని పని అది చేసుకుంటూనే ఉంటుంది. 28, 30 డిగ్రీల నీటిలో పెరిగిన చేప మీది బ్యాక్టీరియాకు ఐసు పెద్ద దెబ్బ. తేరుకుని పెరగడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. అందుకే ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సంకలనం చేసిన పట్టికల్లో ఐసులో కాడ్, హాడాక్ చేపల ఆయుష్షు 9 నుంచి 15 రోజులుంటే, ఉష్ణదేశాల కార్ప్‌ల ఆయుష్షు 16 నుంచి 21 రోజులు. మన శీలావతి, బొచ్చె ఈ కార్ప్ కుటుంబానివే. సార్డీన్లలోనూ అంతే: చల్లని సముద్రాలవి 3 నుంచి 8 రోజులు, వెచ్చని సముద్రాలవి 9 నుంచి 16. నూనె ఎక్కువున్న చిన్న చేపలు ఎక్కడైనా త్వరగా పోతాయి, బల్లపరుపు చేపలు, పెద్ద చేపలు నిలుస్తాయి. ఇవన్నీ చచ్చిన వెంటనే, సరిపడా ఐసులో పెట్టిన చేపల లెక్కలు. మన దగ్గర తేడా వచ్చేది ఇక్కడే.

మూడు గంటల ఎండ

ఉష్ణోగ్రత పెరిగితే చేప ఎంత త్వరగా పాడవుతుందో అంచనా వేయడానికి ఒక సులువైన సూత్రం ఉంది. డిగ్రీల సంఖ్యలో పదో వంతుకు ఒకటి కలిపి, వచ్చినదాన్ని దానితోనే గుణించాలి. సున్నా దగ్గర వేగం 1 అయితే, 5 డిగ్రీల దగ్గర 2.25, 10 డిగ్రీల దగ్గర 4, 30 డిగ్రీల దగ్గర 16. ఇది చల్లని నీటి చేపల మీద తయారైన సూత్రం. మన ఎండల్లో మన చేపలకు అసలు వేగం ఇంతకంటే ఎక్కువే.

దీన్ని లారీకి అన్వయిద్దాం. పట్టుబడి అయ్యాక చెరువు గట్టు మీద చేప 30 డిగ్రీల్లో మూడు గంటలు పడి ఉందనుకోండి. 16 రెట్ల వేగంతో మూడు గంటలంటే 48 గంటలు. అంటే ఐసులో రెండు రోజులు గడపాల్సిన ఆయుష్షు లారీ ఎక్కకముందే పోయింది. దారిలో ఒక మూల పెట్టెలో ఐసు కరిగిపోయి 12 గంటలు 10 డిగ్రీల దగ్గర ఉంటే ఇంకో రెండు రోజులు. ఒకే లారీలో, ఒకే చెరువు చేపల్లో, ఒక పెట్టెకూ ఇంకో పెట్టెకూ నాలుగు రోజుల తేడా ఇలా వస్తుంది. 'ఈ రోజే వచ్చిన సరుకండీ' అని అమ్మేవాడు చెప్పేది అబద్ధం కాకపోవచ్చు. సరుకు ఈ రోజే వచ్చింది, చేప చచ్చింది ఎప్పుడన్నది వేరే సంగతి.

ఎంత ఐసు కావాలి? కిలో ఐసు కరిగేటప్పుడు 80 కిలో కేలరీల వేడిని పీల్చుకుంటుంది. కిలో చేపను 30 డిగ్రీల నుంచి సున్నాకు దించడానికి తీసేయాల్సిన వేడి సుమారు 25 కిలో కేలరీలు. అంటే చల్లబరచడానికి దాదాపు 300 గ్రాముల ఐసు చాలు. మిగిలినదంతా బయటి నుంచి వచ్చే వేడితో పోరాడటానికి. అందుకే మన వాతావరణంలో చేప ఎంతో ఐసూ అంతే అనేది పాత లెక్క, దూరం పోయే సరుకుకు అది కూడా కనిష్ఠమే. ఐసు కూడా బరువే, దానికీ కిరాయి పడుతుంది కాబట్టి తగ్గించాలన్న ఆశ పుట్టేది అక్కడే. పెట్టెలో ఐసు పొర, చేప పొర వంతులవారీగా పడాలి. పైన మాత్రమే ఐసు కుమ్మరిస్తే చూపుకు బాగుంటుంది, మధ్యలో చేప వెచ్చగానే ఉంటుంది. కరిగిన నీరు కిందికి పోవడానికి దారి ఉండాలి. పారే నీరు జిగురునూ బ్యాక్టీరియానూ కడిగేస్తుంది, నిలిచిన నీరు ఆ మురికిలోనే చేపను నానబెడుతుంది. దిమ్మ ఐసును ముతకగా పగలగొట్టి వేస్తే పదును అంచులు చర్మాన్ని చీలుస్తాయి, పెద్ద ముక్కల మధ్య ఖాళీలు మిగులుతాయి.

కన్ను, మొప్ప, వేలు

బజారులో మన చేతిలో ఉన్న పరికరాలు మూడే. తాజా చేప కన్ను ఉబ్బెత్తుగా, నల్లపాప నిగనిగలాడుతూ ఉంటుంది. తర్వాత సమంగా అవుతుంది, ఆపై గుంతపడి పాప బూడిద రంగుకు తిరుగుతుంది. మొప్పలు ఎరుపు నుంచి గోధుమ రంగుకు, అక్కడి నుంచి వెలిసిన రంగుకు పోతాయి. జిగురు పారదర్శకంగా మొదలై పాలలా, తర్వాత పసుపుగా చిక్కబడుతుంది. వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి.

వీటిలో ఏ ఒక్కదాన్నీ గుడ్డిగా నమ్మకూడదు. పెట్టె అడుగున ఐసు బరువుకు నలిగిన కన్ను మంచి చేపలో కూడా గుంతపడుతుంది. లోతైన నీటి నుంచి ఒక్కసారిగా పైకి లాగిన చేప కళ్లు పొడుచుకొస్తాయి, అది తాజాదనం కాదు. ఐసు నీటిలో నానిన మొప్పలు చేప బాగున్నా పాలిపోతాయి. మరోవైపు మొప్పలకు రంగు పూసే ఘనులూ ఉన్నారు. తెల్ల కాగితంతో తుడిచి చూడటం తేలిక. మేత నిండా తిన్న కవళ్లు ఐసులో ఉన్నా పొట్ట పగులుతాయి, ఎందుకంటే జీర్ణరసాలకు తమ సొంత పొట్ట గోడ కూడా మేతే. నా మట్టుకు నేను కంటి కంటే మొప్పల వాసనను ఎక్కువ నమ్ముతాను. పుల్లటి వాసన తగిలితే రంగు ఎంత బాగున్నా వదిలేయడమే. ముక్కలుగా అమ్మేచోట వెన్నెముక పక్కన రక్తం చూడండి. ఎర్రగా ఉంటే మంచిది, గోధుమ రంగుకు తిరిగితే రోజులు గడిచాయి. కండ ముల్లుకు అంటిపెట్టుకోకుండా సులువుగా ఊడొస్తుంటే ఇంకా పాతది.

ఈ ఇంటి పరీక్షనే శాస్త్రవేత్తలు అంకెల్లోకి మార్చారు. 1980లలో ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో పుట్టిన నాణ్యతా సూచిక పద్ధతిలో కన్ను, చర్మం, మొప్పలు, వాసన, పొట్ట వంటి ప్రతి లక్షణానికీ సున్నా నుంచి రెండు మూడు వరకు తప్పు మార్కులు వేస్తారు. తాజా చేపకు మొత్తం సున్నా. రోజులు గడిచేకొద్దీ మొత్తం దాదాపు సరళరేఖలో పెరుగుతుంది. ఆ గీత మీద మార్కులు ఎక్కడ పడ్డాయో చూస్తే ఐసులో ఎన్ని రోజులున్నట్టో, ఇంకెన్ని రోజులు మిగిలాయో తెలుస్తుంది. ఉదాహరణకు పెంపకపు అట్లాంటిక్ సాల్మన్‌కు గరిష్ఠం 24 మార్కులు, ఐసు ఆయుష్షు దాదాపు 20 రోజులు. ప్రతి జాతికీ విడిగా పట్టిక కావాలి, చూసేవారికి శిక్షణ కావాలి. ఇందులోని మంచి ఏమిటంటే ఒక్క లక్షణం తప్పుదారి పట్టించినా మిగతావి దాన్ని సరిదిద్దుతాయి.

ప్రయోగశాలలో ఎక్కువగా చూసేది ఆవిరయ్యే నైట్రోజన్ క్షారాల మొత్తం. యూరప్ నిబంధనల్లో జాతిని బట్టి 100 గ్రాములకు 25 నుంచి 35 మిల్లీగ్రాములు పరిమితి. ఈ అంకె ఆలస్యంగా కదులుతుంది, చెడిపోవడం మొదలయ్యాకే పైకి లేస్తుంది. కాబట్టి 'చెడిపోయిందా' అన్నదానికి అది జవాబు చెబుతుంది, 'తాజాదేనా' అన్నదానికి కాదు.

ముక్కుకు అందనివి

వంజరం, కానాగంతలు, ట్యూనా, కవళ్లు వంటి చేపల కండలో హిస్టిడిన్ ఎక్కువ. పడవలో కొన్ని గంటలు వెచ్చగా ఉంటే బ్యాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మారుస్తుంది. ఆ తర్వాత ఐసులో పెట్టినా పుట్టిన హిస్టమిన్ పోదు, వండినా పోదు. చేప చూడటానికి, వాసనకు బాగానే ఉండవచ్చు. తిన్న కొన్ని నిమిషాల నుంచి కొన్ని గంటల్లోపు ముఖం ఎర్రబడటం, దద్దుర్లు, తలనొప్పి, నోటిలో మంట వస్తే చాలామంది చేప పడలేదు అనుకుంటారు. చాలాసార్లు పడనిది చేప కాదు, ఎండలో గడిచిన ఆ గంటలు. అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం ప్రకారం భద్రతకు పరిమితి కిలోకు 200 మిల్లీగ్రాములు.

ఫార్మాలిన్ కూడా పై గుర్తులను తారుమారు చేస్తుంది. కండ రబ్బరులా గట్టిపడుతుంది, చేపకు ఉండాల్సిన సహజ వాసన పోతుంది. ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ దీన్నీ అమ్మోనియానూ పసిగట్టే పరీక్ష పట్టీలను తయారు చేసింది. ఒక చిక్కు ఉంది: ముంబైలో బొంబిల్ అనే చేప వంటి కొన్ని సముద్ర జాతుల్లో చచ్చాక సహజంగానే కొంత ఫార్మాల్డిహైడ్ పుడుతుంది. అందుకే అది ఉందా లేదా అని మాత్రమే చూసి సరుకును తప్పుపట్టలేం, ఎంత ఉంది, ఏ జాతిలో ఉంది అన్నది చూడాలి.

రొయ్యల సంగతి వేరు. వాటి తల మీద, తోక మీద పడే నల్లమచ్చలు బ్యాక్టీరియా వల్ల కాదు, రొయ్యలోని ఎంజైమ్ గాలితో కలవడం వల్ల. కోసిన వంకాయ నల్లబడటం లాంటిదే. మచ్చ వల్ల ఆరోగ్యానికి హాని లేదు, ధర మాత్రం పడిపోతుంది. దాన్ని ఆపడానికి సోడియం మెటాబైసల్ఫైట్ వాడతారు, మోతాదు మించితే ఉబ్బసం ఉన్నవారికి ఇబ్బంది. పట్టిన వెంటనే ఐసు నీటిలో ముంచి చంపిన రొయ్య, తల తీసిన రొయ్య ఎక్కువ నిలుస్తాయి. చచ్చిన పీతను మాత్రం ఎంత తగ్గించి ఇచ్చినా కొనొద్దు.

ఇంటికి తెచ్చాక ఫ్రిజ్‌లో పెడితే అక్కడ సాధారణంగా 4, 5 డిగ్రీలుంటుంది. పై సూత్రం ప్రకారం ఐసు మీద ఆరు రోజులు మిగిలిన చేప ఫ్రిజ్‌లో మూడు రోజులకు కూడా రాదు. పొట్ట, మొప్పలు తీసి, కడిగి, చిల్లుల గిన్నెలో ఐసు మధ్య పెట్టి, కింద నీళ్లు పట్టే పళ్లెం ఉంచి ఫ్రిజ్ అడుగు అరలో పెట్టండి. ఐసు కరిగినప్పుడల్లా మళ్లీ వేయండి. రెండు రోజుల్లో వండే ఉద్దేశం లేకపోతే తెచ్చిన రోజే డీప్ ఫ్రీజర్‌లో వేయడం మేలు, మూడో రోజు వాసన చూసి వేయడం కాదు.