ఎడమకాలి పాఠం

మా ఊరి హైస్కూలు గ్రౌండులో గడ్డి ఉండేది కాదు. అసలు గడ్డి ఉన్న గ్రౌండు ఒకటి ఉంటుందని టీవీలో చూసేదాకా మాకు తెలీదు. అంతా ఎర్రమన్ను, గులకరాళ్లు. ఒక కొసన రెండు బండరాళ్లు, ఇంకో కొసన మా పుస్తకాల సంచులు. అవే గోల్‌పోస్టులు. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన పడితే మంచి ఏడు అనుకునే అనంతపురం జిల్లా మాది. తాగేనీళ్లకే బోరు దగ్గర బిందెల వరస ఉంటే, గడ్డికి నీళ్లెవరు పెడతారు?

ఆ గ్రౌండులో మా డ్రిల్లు సారు ఒకరోజు వింత రూలు పెట్టినాడు. "ఈ పొద్దు అందరూ ఎడమకాలితోనే ఆడల్ల. కుడికాలు తగిలిందా, బాల్ అవతలోళ్లకి."

పడీ పడీ నవ్వినాం. తర్వాత నిజంగానే పడినాం. తన్నబోతే గాలికి తగిలేది, తగిలితే పక్కన నిలబడినోడి మోకాలికి పోయేది. వారానికొక రోజు అదే ఆట. ఎందుకు సార్ ఈ శిక్ష అంటే, "రెండో కాలు కూడా నీదే కదరా" అన్నాడు. అంతకుమించి ఏమీ చెప్పలేదు.

చాలా ఏళ్ల తర్వాత హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ, సయ్యద్ అబ్దుల్ రహీమ్ గురించి చదువుతుంటే ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆయన పిల్లలకు కేవలం బలహీనమైన కాలితో ఆడే పోటీలు పెట్టేవాడట. డ్రిబ్లింగ్ చేయకూడని పోటీలు కూడా పెట్టేవాడట: బాల్ దొరికిందంటే వెంటనే ఇంకొకరికి ఇచ్చేయాలి. నాకు మా ఎర్రమన్ను గుర్తొచ్చింది. అక్కణ్ణుంచి వదలకుండా చదువుతూ వచ్చాను.

*

రహీమ్ 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టాడు. ఉస్మానియాలో చదివాడు, అక్కడే ఫుట్‌బాల్ ఆడాడు. బతుకుతెరువు మాత్రం బడిపంతులు ఉద్యోగం. కాచిగూడ, చాదర్‌ఘాట్ లాంటి చోట్ల పాఠాలు చెప్పాడు, తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేశాడు. 1940ల మొదట్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యి, చనిపోయేదాకా ఆ పనిలోనే ఉన్నాడు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కోచ్ అయ్యాడు.

ఆ సంవత్సరాన్ని కొంచెం నిలబడి చూడాలి. 1948 సెప్టెంబరులో నిజాం రాజ్యం పోయింది. సంస్థానం కొలువుల మీద బతికిన కుటుంబాలు ఎన్నో, ముఖ్యంగా పాతబస్తీ ముస్లిం కుటుంబాలు, రేపేమిటో తెలియని స్థితిలో పడ్డాయి. అలాంటి ఊళ్లో ఫుట్‌బాల్ బాగా ఆడే కుర్రాడికి పోలీసు జట్టంటే ఒక జీతం, ఒక యూనిఫాం. రహీమ్ చేతికొచ్చింది అలాంటి కుర్రాళ్లు. వాళ్లతో బొంబాయి వెళ్లి 1950లో రోవర్స్ కప్పు గెలిచాడు. ఆ తర్వాత 51, 52, 53, 54. వరసగా ఐదుసార్లు. అప్పటిదాకా దేశంలో ఫుట్‌బాల్ అంటే కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మొహమ్మడన్ స్పోర్టింగ్. వాళ్లతో సమానంగా దక్కను నుంచి ఒక పోలీసు జట్టు లేచి నిలబడింది.

ఆయన రహస్యం పెద్ద సిద్ధాంతమేమీ కాదు, పంతులు పని. ఏ పిల్లాడిలో ఏది తక్కువో చూసి, ఆ తక్కువనే ఒక ఆటగా మార్చేవాడు. సికింద్రాబాదు అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరామ్ కథ అందరూ చెబుతారు. ప్రాక్టీసుకు అంత దూరం రావడానికి డబ్బుల్లేవంటే, సైకిలు అద్దెకు రహీమ్ తన జేబులోంచి ఇచ్చాడట. ఆ బలరామ్ తర్వాత దేశంలోని గొప్ప ఫార్వర్డులలో ఒకడయ్యాడు.

*

పంతులుకి పెద్ద దెబ్బ 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌లో తగిలింది. యుగోస్లావియా చేతిలో 10-1. మనవాళ్లలో చాలామంది ఆ చలిలో, తడి గడ్డి మీద ఉత్తకాళ్లతో ఆడారు. ఉత్తకాళ్ల ఆట గురించి మనం ఇప్పటికీ కొంచెం గొప్పగా చెప్పుకుంటాం. ఎండిన మైదానంలో కాలివేళ్లతో బాల్‌ని లాగి ఆడటం ఒక కళే, నేను ఆడినవాణ్ణే. కానీ ఆ కళ మా ఎర్రమన్ను మీద నడుస్తుంది, హెల్సింకీలో నడవదు. ఆ ఓటమి తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి.

రహీమ్ ఓటమిని కూడా పాఠంలాగే చదివినట్టున్నాడు. 1953 నవంబరులో హంగరీ జట్టు వెంబ్లీలో ఇంగ్లండుని 6-3తో ఓడించింది. హంగరీ సెంటర్ ఫార్వర్డ్ గోలు ముందు నిలబడకుండా వెనక్కి జరిగి ఆడటంతో, అతన్ని ఎవరు పట్టుకోవాలో ఇంగ్లండు డిఫెండర్లకు అర్థం కాలేదు. ఆ ఎత్తుని రహీమ్ మన జట్టుకు తెచ్చాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాని వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా మూడు గోల్సు కొట్టాడు. సెమీఫైనల్లో మళ్లీ అదే యుగోస్లావియా, 4-1. కాంస్యం కోసం ఆడిన మ్యాచ్ బల్గేరియాకి పోయింది. నాలుగో స్థానం. మొదటి ఓటమి 10-1 అయితే రెండోది 4-1. మధ్యలో నాలుగేళ్లు. ఒక కోచ్ పనిని కొలవాలంటే నాకు ఈ తేడా చాలు.

1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ని 1-0తో ఓడించి బంగారు పతకం తెచ్చింది ఆయన జట్టే. రెండోది 1962లో జకార్తాలో. ఇజ్రాయెల్‌ని, తైవాన్‌ని రానివ్వనందుకు భారత ప్రతినిధి సోంధీ అభ్యంతరం చెప్పడంతో ఆ ఊరు మనమీద మండిపడుతోంది. మన రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాం. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అతన్ని వెనక నిలబెడితే కష్టమని రహీమ్ ఫార్వర్డుగా పంపాడు. జర్నైల్ సెమీస్‌లో ఒక గోలు కొట్టాడు, ఫైనల్లో ఇంకొకటి. సెప్టెంబరు 4న, ఇంచుమించు లక్షమంది అరుపుల మధ్య, అదే కొరియాని 2-1తో ఓడించాం. మొదటి గోలు పి.కె. బెనర్జీది.

అప్పటికే ఆయన్ని ఊపిరితిత్తుల క్యాన్సర్ లోపల్నుంచి తినేస్తోంది. తొమ్మిది నెలలకి, 1963 జూన్ 11న పోయాడు.

*

1960 తర్వాత మన ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌కి వెళ్లలేదు. 1962 తర్వాత ఆసియా క్రీడల బంగారం రాలేదు. ఒక మనిషి చావుతో ఇదంతా ఆగిపోయిందంటే కథ బాగుంటుంది, కానీ అబద్ధం. హైదరాబాదు ఆటగాళ్లను కలకత్తా క్లబ్బులు 1950ల నుంచే తీసుకెళ్లిపోతున్నాయి. తర్వాత క్రికెట్ వచ్చింది, మైదానాల్లో ఇళ్లొచ్చాయి. రహీమ్ ఒక్కడే కార్యదర్శి, కోచ్, బడిపంతులు, సైకిలు అద్దె ఇచ్చే పెద్దదిక్కు. ఇన్ని పనులు ఒక మనిషి భుజం మీద పెట్టి, ఆ మనిషి పోతే ఎవరు ఎత్తుకోవాలో ఎవరూ ఆలోచించలేదు. నాకు ఆయన మీద గౌరవం ఎంతుందో, ఆ ఏర్పాటు మీద కోపం అంతుంది.

ఇంగ్లండులో బ్రయన్ క్లఫ్ అనే కోచ్ 1965లో నాలుగో డివిజన్‌లోని హార్టిల్‌పూల్స్ దగ్గర మొదలుపెట్టాడు. ఆయన మీద నవల ఉంది, సినిమా ఉంది, లెక్కలేనన్ని పుస్తకాలున్నాయి. అక్కడ చిన్న ఊళ్ల, చిన్న డివిజన్ల కోచ్‌ల బతుకులు కూడా ఎవరో ఒకరు రాసిపెడతారు. మన దేశాన్ని రెండుసార్లు ఆసియాలో గెలిపించిన మనిషి పేరు నాకు పాతికేళ్లు దాటేదాకా తెలీదు. 2024లో హిందీలో 'మైదాన్' సినిమా వచ్చింది. హాల్లో నా చుట్టూ ఉన్నవాళ్లు ఏడ్చారు, నేనూ ఏడ్చాను. బయటికొచ్చాక, మన ఊరి మనిషి గురించి బొంబాయి వాళ్లు చెబితే గానీ ఏడవలేకపోయామని సిగ్గేసింది.

ఇప్పుడు అనంతపురం మారింది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన ఆర్డీటీ వాళ్ల స్పోర్ట్స్ విలేజ్‌లో పచ్చటి మైదానాలున్నాయి, ఆడపిల్లలు కూడా ఫుట్‌బాల్ ఆడుతున్నారు. కరువు సీమలో ఆ పచ్చదనం చూస్తే ఇప్పటికీ కళ్లు నమ్మవు. ఊళ్లలోని బడుల సంగతి వేరు. మా బడిలో మా సారు తర్వాత చాలాకాలం డ్రిల్లు సారే లేడు.

పోయిన సంక్రాంతికి ఊరికెళ్లినప్పుడు సారుని చూడ్డానికి పోయినాను. రిటైరైనాడు, మోకాళ్లు నొప్పులు. అరుగు మీద కూర్చొని, రహీమ్ అనే పేరు విన్నారా సార్ అని అడిగినాను.

"ఎవరప్పా ఆయన?"

చెప్పినాను. ఆ ఎడమకాలి ఆట మీకెవరు నేర్పినారు సార్, అన్నాను.

"నేను హైదరాబాదులో పీఈటీ ట్రైనింగు చేసేటప్పుడు ఒక ముసలి సారు ఉండె. ఆయన ఆడించేవాడు. ఆయనకి ఎవరు చెప్పినారో మనకేం తెలుసు నాయనా."

కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత సారు నావైపు తిరిగి, "అది సరే, నీ ఎడమకాలు ఏమన్నా బాగుపడెనా?" అన్నాడు.

లేదు సార్, అన్నాను.